పాత కార్బ్యురేటర్ బండిని చలిలో ఎంతసేపు వేడెక్కించాలి?

పాతబండి

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ మోటారుసైకిల్ ఉంది. కార్బ్యురేటర్ బండి, సెల్ఫ్ స్టార్టు లేదు, కిక్ మాత్రమే. ఎండాకాలంలో ఒకటి రెండు కిక్కులకే స్టార్టవుతుంది. ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపుకు దిగిన ఉదయాల్లో మాత్రం చోక్ (చలిలో అదనపు పెట్రోలు అందించే మీట) వేయనిదే స్టార్టు కాదు. స్టార్టయిన తరువాత చోక్ తీసేయగానే ఆగిపోతుంది. ఇలాంటప్పుడు పది నిమిషాలు ఎక్సలేటర్ తిప్పకుండా స్లోలో వదిలేయమని కొందరు, స్టార్టయిన వెంటనే గేరు వేసి కదలమని మరికొందరు చెబుతున్నారు. ఈ రెండింటిలో ఇంజనుకు ఏది మేలు చేస్తుందో, ఎందుకు మేలు చేస్తుందో కారణాలతో సహా తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఆయిల్‌చుక్క

నేను మొదటి పద్ధతినే సమర్థిస్తాను. రాత్రంతా నిలబడి ఉన్న ఇంజనులో ఆయిల్ మొత్తం అడుక్కి దిగిపోతుంది. చలికి చిక్కబడిన ఆ ఆయిల్ మళ్లీ పైన వాల్వులను తెరిచే రాకర్ల దాకా, కామ్ దాకా ఎక్కేలోపు బండి మీద బరువు మోపితే ఆ భాగాలు పొడిగానే రాసుకుంటాయి. ఇంజనులో జరిగే అరుగుదలలో పెద్ద భాగం ఈ మొదటి నిమిషాల్లోనే జరుగుతుందని మెకానిక్కులందరూ అంటారు. కాబట్టి ఐదు నుంచి పది నిమిషాలు స్లోలో నడవనిచ్చి, సిలిండర్ రెక్కలు చేతికి వేడిగా తగిలిన తరువాతే బయలుదేరడం మంచిదని నా అభిప్రాయం.

చోక్‌వైరు

ఆయిల్‌చుక్క గారి ఆందోళన న్యాయమైనదే, కానీ ఆ ఆందోళనకు పది నిమిషాల స్లో పరిష్కారం కాదు. పైగా వారు కాపాడాలనుకుంటున్న ఆయిల్ పొరకే అది హాని చేస్తుంది. అదెలాగో చెప్పాలంటే ముందు చోక్ ఎందుకు అవసరమవుతుందో చూడాలి.

పెట్రోలు ద్రవరూపంలో మండదు, ఆవిరై గాలితో కలిసినప్పుడే మండుతుంది. పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. వేడెక్కిన ఇంజనుకు కార్బ్యురేటర్ ఈ పాళ్లకు దగ్గరగానే మిశ్రమాన్ని అందిస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూడా అదే మోతాదు పంపుతుంది గాని, ఆ పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం మాత్రమే ఆవిరవుతుంది. మిగిలినది ఇన్‌టేక్ గొట్టానికీ సిలిండర్ గోడలకూ తడిగా అంటుకుపోతుంది. ప్లగ్గు దగ్గరికి చేరే మిశ్రమంలో ఆవిరి తక్కువై, స్పార్కు పడినా అంటుకోదు. చోక్ వేస్తే అవసరానికి మించి పెట్రోలు వస్తుంది, అందులో ఆవిరయ్యే కొద్ది భాగమే మండడానికి సరిపోతుంది. దీనికి తోడు చల్లని గాలి సాంద్రంగా ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 1.16 కిలోలు తూగితే, 0 డిగ్రీల దగ్గర 1.29 కిలోలు తూగుతుంది. కార్బ్యురేటర్‌కు ఈ తేడాను కొంతవరకే సరిచేయడం వీలవుతుంది కాబట్టి, పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలైన జెట్లు మార్చకుండానే మిశ్రమం దాదాపు 5 శాతం పలచబడుతుంది. ఇంజెక్షన్ బండ్లలో ఉష్ణోగ్రతను కొలిచే సెన్సారు ఈ లెక్కలన్నీ చూసుకుంటుంది. మన బండ్లలో ఆ పని చోక్ మీద ఉన్న చెయ్యే చేయాలి.

ఇప్పుడు పది నిమిషాల స్లో సంగతి చూద్దాం. చోక్ వేసి ఉన్నంతసేపూ ఆవిరి కాని పెట్రోలు సిలిండర్ గోడల మీదికి వస్తూనే ఉంటుంది. అది ఆ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, రింగుల పక్కనుంచి కిందికి జారి, ఇంజను అడుగు పెట్టె అయిన క్రాంక్‌కేసులోని ఆయిల్‌ను పలచన చేస్తుంది, ప్లగ్గు మీద మసి పేరుకునేలా చేస్తుంది. ఈ దశ ఎంత త్వరగా ముగిస్తే ఇంజనుకు అంత మేలు. స్లోలో అది త్వరగా ముగియదు, ఎందుకంటే స్లోలో మండే పెట్రోలు తక్కువ, పుట్టే వేడి తక్కువ. ఆ కొద్ది వేడి కూడా సమంగా పరుచుకోదు: ఎగ్జాస్ట్ పోర్టు చుట్టూ హెడ్డు కాలిపోతుంటే క్రాంక్‌కేసు, అందులోని ఆయిల్ చల్లగానే ఉంటాయి. రెక్కలు చేతికి వేడిగా తగిలినంత మాత్రాన ఇంజను మొత్తం వేడెక్కినట్లు కాదు. గాలి తగిలితేనే చల్లబడే ఇంజనును కదలకుండా ఎక్కువసేపు నడిపితే సైలెన్సర్ బెండు నీలిరంగుకు తిరగడం కూడా మీరు చూసే ఉంటారు.

అలాగని స్టార్టయిన మరుక్షణమే లాగించమని నేను చెప్పడం లేదు. 5 డిగ్రీల చలిలో అరనిమిషం నుంచి నిమిషం, సున్నాకు దిగువన రెండు నిమిషాలు సరిపోతాయి. గడియారం కంటే ఇంజను ఇచ్చే జవాబే నమ్మదగిన కొలమానం. చోక్‌ను సగానికి తగ్గించి, ఎక్సలేటర్ కొద్దిగా తిప్పినప్పుడు ఇంజను తడబడకుండా అందుకుంటే బయలుదేరవచ్చు. సగం చోక్‌తోనే కదిలి, ఎక్సలేటర్ మూడో వంతు దాటకుండా, అదే సమయంలో పెద్ద గేరులో ఇంజను గునిసేలా కాకుండా, మధ్యస్థంగా నడపాలి. మొదటి కిలోమీటరు రెండు కిలోమీటర్లలో చోక్‌ను పూర్తిగా తీసేయగలిగితే బండి ఆరోగ్యంగా ఉన్నట్లే. చైను, ఫోర్కుల్లోని ఆయిల్, టైర్లు ఇవన్నీ నిలబెట్టిన బండిలో ఎంతసేపైనా చల్లగానే ఉంటాయి. అవి కదిలితేనే వేడెక్కుతాయి.

టాపెట్‌చప్పుడు

చోక్‌వైరు గారు చెప్పినదానికి ఆయిల్ వైపు నుంచి కొంత జోడిస్తాను.

పాత బండ్లలో ఎక్కువగా వాడే 20 డబ్ల్యూ 50 ఆయిల్ వేడి ఇంజనులో ఉన్న చిక్కదనంతో పోలిస్తే, 40 డిగ్రీల దగ్గరే ఎనిమిది తొమ్మిది రెట్లు చిక్కగా ఉంటుంది. సున్నా దగ్గర ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆ ఆయిల్ ఎంత తేలికగా కదులుతుందో చెబుతుంది. చలిలో ఇంజను తిరగడానికి ఆయిల్ ఎంత అడ్డుపడుతుందో చూసే పరీక్షను 20 డబ్ల్యూ గ్రేడుకు సున్నాకు దిగువన 15 డిగ్రీల దగ్గర, 10 డబ్ల్యూ గ్రేడుకు సున్నాకు దిగువన 25 డిగ్రీల దగ్గర జరుపుతారు. కాబట్టి చలి గట్టిగా ఉండే చోట, బండి తయారీదారు పుస్తకంలో అనుమతించి ఉంటే, చలికాలానికి 10 డబ్ల్యూ 40 లేదా 15 డబ్ల్యూ 50 వైపు మారడం పది నిమిషాల స్లో కంటే ఎంతో మేలు చేస్తుంది.

ఆయిల్ పైకి ఎక్కడానికి నిమిషాలు పడుతుందన్న భయం అక్కరలేదు. ఆయిల్ పంపు తిరిగిన ప్రతిసారీ ఒక నిర్ణీత పరిమాణాన్ని నెట్టి తీరుతుంది; చిక్కటి ఆయిల్‌నైనా పలుచటి ఆయిల్‌నైనా అది నెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో కొన్ని సెకన్లలోనే ప్రెషర్ వస్తుంది. ప్రమాదం ఉన్నది రేజ్ చేయడంలో. చల్లని ఆయిల్‌తో ఇంజనును ఒక్కసారిగా రేజ్ చేస్తే పంపు వెనుక ప్రెషర్ పెరిగి అదనపు ప్రెషర్‌ను వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, ఫిల్టరుకు బైపాస్ ఉంటే అదీ తెరుచుకుని వడపోత లేని ఆయిలే బేరింగులకు వెళుతుంది. మరోవైపు, స్లో మరీ తక్కువగా ఉన్నా మంచిది కాదు. క్రాంకు చిమ్మే ఆయిల్‌తోనే పిస్టనూ సిలిండరూ తడిసే ఇంజన్లలో నిమిషానికి ఎనిమిది వందల చుట్లకు గుడగుడమంటూ వదిలేస్తే ఆ చిమ్ముడు బలహీనంగా ఉంటుంది. మొదటి నిమిషంలో 1,500 చుట్ల దగ్గర స్థిరంగా నిలబెట్టడం రెండు వైపులా సరిపోతుంది.

డ్రై సంప్ బండ్లు (ఆయిల్ ఇంజను అడుగున కాక విడి ట్యాంకులో ఉండేవి) ఉన్నవారికి ఒక మాట. బండి చాలాకాలం నిలబడితే ట్యాంకులోని ఆయిల్ మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగుతుంది. స్టార్టు చేయగానే ట్యాంకు మూత తెరిచి ఆయిల్ తిరిగి వస్తోందో లేదో చూడండి. అది కనిపించేదాకా కదలవద్దు.

పాతబండి

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టార్టు చేసేటప్పుడు ఎక్సలేటర్ తిప్పాలా వద్దా అన్నది నాకు స్పష్టంగా తెలియడం లేదు. ఒక మిత్రుడు తన బండికి చోక్ వేసి ఎక్సలేటర్ కొద్దిగా తిప్పితేనే స్టార్టవుతుందని చెబుతాడు, మరొకరి బండి తిప్పితే అసలు స్టార్టే కాదు.

జెట్‌నంబరు

ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఎందుకంటే వారి కార్బ్యురేటర్లు వేరు. మనమందరం చోక్ అని పిలిచే మీటల వెనుక మూడు వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి.

మొదటిది అసలైన చోక్. కార్బ్యురేటర్ నోటి దగ్గర ఒక పలక అడ్డంగా తిరిగి గాలిని ఆపుతుంది. గాలి దారి మూసుకోవడంతో లోపల సక్షన్ పెరిగి అన్ని జెట్ల నుంచీ పెట్రోలు ఎక్కువగా వస్తుంది. ఈ రకానికి ఎక్సలేటర్ కొద్దిగా తెరిస్తే సక్షన్ జెట్ల దాకా చేరి మేలు జరుగుతుంది. మొదటిసారి మండగానే పలకను కొంత తెరవాలి, లేకపోతే ప్లగ్గు తడిసిపోతుంది.

రెండోది చాలా మికుని, కైహిన్, బింగ్ కార్బ్యురేటర్లలో ఉండే పద్ధతి. దీన్ని చోక్ అని పిలిచినా ఇది గాలిని ఆపదు. మీట లాగితే చిన్న ప్లంజర్ పైకి లేచి, పెట్రోలుకూ గాలికీ ప్రత్యేకంగా ఉన్న మరో దారిని తెరుస్తుంది. ఆ దారి ఎక్సలేటర్‌కు ఇంజను వైపున తెరుచుకుంటుంది కాబట్టి ఎక్సలేటర్ పూర్తిగా మూసి ఉన్నప్పుడే దానికి బలమైన సక్షన్ అందుతుంది. మీరు ఎక్సలేటర్ తిప్పిన మరుక్షణం ఆ సక్షన్ పడిపోయి అదనపు పెట్రోలు రావడం ఆగిపోతుంది. చోక్ వేసినా స్టార్టు కావడం లేదని బాధపడే వారిలో ఎంతోమంది ఈ రకం కార్బ్యురేటర్‌తో ఎక్సలేటర్ తిప్పుతూ కిక్ కొట్టేవారే. చెయ్యి ఎక్సలేటర్ మీద నుంచి పూర్తిగా తీసేసి కొట్టి చూడమనండి.

మూడోది 1967లో వచ్చిన అమాల్ కాన్సెంట్రిక్‌లో, అంతకు ముందటి అమాల్ కార్బ్యురేటర్లలో కనిపించే టిక్లర్. పక్కనున్న చిన్న బొత్తాన్ని నొక్కితే పెట్రోలు మట్టాన్ని అదుపుచేసే ఫ్లోట్ కిందికి దిగి, గిన్నెలో పెట్రోలు మట్టం మామూలు కంటే పైకి వచ్చి, కొద్దిగా బయటికి కూడా పొంగుతుంది. పెట్రోలు తడి కనిపించగానే వేలు తీసేయాలి. అదనపు పెట్రోలు కొన్ని క్షణాలకే సరిపోతుంది కాబట్టి ఈ బండ్లకు మొదటి నిమిషమంతా ఎక్సలేటర్ మీద చెయ్యి ఉంచాల్సిందే. వేడి ఇంజను మీద పొంగించడం మంటకు దారితీయవచ్చు, ఆ పని ఎప్పుడూ చేయవద్దు.

ఇంకొక అలవాటు గురించి చెప్పాలి. స్టార్టు చేసే ముందు ఎక్సలేటర్‌ను నాలుగైదుసార్లు పూర్తిగా తిప్పి వదలడం వల్ల, ఎక్సలేటర్ పంపు ఉన్న కార్బ్యురేటర్లలో మాత్రమే పెట్రోలు చిమ్ముతుంది. ఆ పంపు లేని వాటిలో మీరు ఎన్నిసార్లు తిప్పినా కేబులు కదలడం తప్ప మరేమీ జరగదు. సక్షన్‌తో పనిచేసే పెట్రోలు కాక్ ఉన్న బండ్లలో మరో జాగ్రత్త అవసరం. బండి వారాల తరబడి నిలబడితే ఫ్లోట్ గిన్నె ఎండిపోతుంది, ఇంజను తిరగనిదే కాక్ తెరుచుకోదు. ఇలాంటి కాక్‌కు సక్షన్ లేకుండానే పెట్రోలు వదిలే ప్రైమ్ అన్న స్థానం ఉంటే కాసేపు అక్కడ పెట్టి గిన్నె నిండిన తరువాత మామూలు స్థానానికి తిప్పాలి.

ఆయిల్‌చుక్క

ఆయిల్ విషయంలో టాపెట్‌చప్పుడు గారి వివరణతో ఏకీభవిస్తున్నాను. అయితే నాకు ఇంకొక సందేహం ఉంది. పిస్టన్ అల్యూమినియంది, నా బండి సిలిండర్ పోత ఇనుముది. నిమిషంలోనే బయలుదేరి బరువు మోపితే పిస్టన్ ముందుగా ఉబ్బి సిలిండర్‌లో పట్టేసే ప్రమాదం లేదా? ఆ భయంతోనే నేను ఎక్కువసేపు వేడెక్కిస్తాను.

చోక్‌వైరు

ఈ చర్చలో వచ్చిన ప్రశ్నలన్నిటిలో ఇది ముఖ్యమైనదని నేను అనుకుంటున్నాను, అందుకే కాస్త లెక్కతో చెబుతాను. పిస్టన్లకు వాడే అల్యూమినియం మిశ్రమ లోహం ఒక డిగ్రీకి మీటరు పొడవున సుమారు 20 మైక్రాన్లు సాగుతుంది, పోత ఇనుము సుమారు 11 మైక్రాన్లు సాగుతుంది. 70 మిల్లీమీటర్ల పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం 0.14 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే సమయంలో చుట్టూ ఉన్న ఇనుప సిలిండర్ 40 డిగ్రీలే వేడెక్కి ఉంటే దాని లోపలి వ్యాసం 0.03 మిల్లీమీటర్లే పెరుగుతుంది. తేడా 0.11 మిల్లీమీటర్లు. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య వదిలే సందు ఇంతకంటే తక్కువగా, మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులుగానే ఉంటుంది. నిజానికి పిస్టన్ తల ఎంత వేడెక్కినా, సిలిండర్‌ను రాసుకునే కింది భాగం అంత వేడెక్కదు, అందుకే రోజూ ప్రతి బండీ పట్టేయడం లేదు. కానీ ఈ లెక్క ఒక సంగతిని తేల్చిచెబుతుంది: పట్టేయడానికి కారణం ఇంజను చల్లగా ఉండడం కాదు, పిస్టన్ వేడెక్కే వేగాన్ని సిలిండర్ అందుకోలేకపోవడం.

అందువల్ల చల్లని ఇంజనును పెద్ద రేజుతో, పూర్తి ఎక్సలేటర్‌తో లాగించడమే ప్రమాదం. తక్కువ ఎక్సలేటర్‌తో మెల్లగా నడిపితే పిస్టన్, సిలిండర్ రెండూ దాదాపు కలిసే వేడెక్కుతాయి. నిలబెట్టి అప్పుడప్పుడూ గట్టిగా రేజ్ చేస్తూ వేడెక్కించే అలవాటు పిస్టన్‌కూ మేలు చేయదు, సిలిండర్‌కూ మేలు చేయదు. నేను పాటించే నియమం ఏమిటంటే, మొదటి నాలుగైదు కిలోమీటర్లు ఇంజను గరిష్ఠ చుట్లలో సగం దాటనివ్వను, ఎక్కువ బరువుతో ఎత్తు ఎక్కించను. క్రాంక్‌కేసు పక్క మూత మీద చెయ్యి పెట్టి చూడండి. అది వేడెక్కిందంటే ఆయిల్ వేడెక్కినట్లు. రెక్కల వేడి కంటే ఈ వేడి నమ్మదగినది.

పొగగొట్టం

నాది టూ స్ట్రోక్ బండి. పైన చెప్పిన పట్టేసే ప్రమాదం మా బండ్లలో మరింత ఎక్కువ, ఎందుకంటే పిస్టన్‌కు అందే ఆయిల్ పెట్రోలుతో పాటే వస్తుంది. నీటితో చల్లబడే టూ స్ట్రోకుల్లో చల్లటి నీరు సిలిండర్‌ను చల్లగానే పట్టి ఉంచుతుంది కాబట్టి మరీ జాగ్రత్త కావాలి. మాకు మంచి సంగతి ఒకటుంది: కామ్, రాకర్లు లేవు, అడుగున ఆయిల్ నిల్వ లేదు, అందువల్ల ఆయిల్ పైకి ఎక్కేదాకా ఆగడం అన్న మాటే ఉండదు. ఒక నిమిషం తరువాత మెల్లగా కదలడమే మా పద్ధతి కూడా. పొడవాటి దిగుడులో ఎక్సలేటర్ పూర్తిగా మూసి ఇంజనుతో బండిని ఆపుకుంటే ఆయిల్ కూడా చాలా తక్కువగా వస్తుంది; ఇంజను చల్లగా ఉన్నప్పుడు దిగుడు వస్తే క్లచ్ పట్టి బ్రేకులు వాడండి.

కిక్‌రాడ్

ఇంజను స్టార్టయిన తరువాతి విషయాలు బాగా చర్చకు వచ్చాయి. స్టార్టు చేయడానికి ముందు చేయదగినవి నేను చెబుతాను.

రాత్రంతా నిలబడిన బండిలో క్లచ్ ప్లేట్ల మధ్య చిక్కటి ఆయిల్ అతుక్కుని ఉంటుంది. అలాగే స్టార్టు చేసి గేరు వేస్తే బండి ముందుకు దూకుతుంది లేదా ఆగిపోతుంది. ఇగ్నిషన్ ఆపి ఉంచి, క్లచ్ లివర్ పట్టి కిక్‌ను మెల్లగా కొన్నిసార్లు తొక్కితే చాలా పాత బండ్లలో ప్లేట్లు విడివడతాయి. కిక్ గేర్లు క్లచ్ డ్రమ్ముకే కలిసి ఉండే బండ్లలో ఇలా విడివడవు. అక్కడ గేరు వేసి, క్లచ్ పట్టి, బండిని ముందుకూ వెనక్కూ కదిలించాలి. ఆ తరువాత క్లచ్ వదిలి, న్యూట్రల్‌లో, చోక్ వేసి, ఇగ్నిషన్ ఆపి ఉంచే రెండు మూడు కిక్కులు తొక్కితే సిలిండర్‌లోకి పెట్రోలు ఆవిరి చేరుతుంది, ఆయిల్ కూడా కొంత కదులుతుంది. అప్పుడు ఇగ్నిషన్ పెట్టి ఒక్క గట్టి కిక్ కొట్టాలి.

సెల్ఫ్ ఉన్నవారు బ్యాటరీని గుర్తుంచుకోవాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ సామర్థ్యం సున్నా డిగ్రీల దగ్గర దాదాపు ఐదో వంతు తగ్గుతుంది, అదే సమయంలో చిక్కటి ఆయిల్ వల్ల మోటారు మీద భారం పెరుగుతుంది. మోటారు కరెంటంతా లాగేసుకుంటే వోల్టేజీ పడిపోయి, పాయింట్లతో నడిచే పాత కాయిల్‌కు స్పార్కు బలహీనపడుతుంది. ఇంజను తిరుగుతూనే ఉంటుంది గాని స్టార్టు కాదు. ఐదు సెకన్లకు మించి సెల్ఫ్ నొక్కకుండా, మధ్యలో అరనిమిషం విరామం ఇవ్వాలి. హెడ్‌లైటు స్విచ్చి ఉన్న బండ్లలో అది ఆపి ఉంచాలి.

జాగ్రత్తగా

ఒక్క విషయం చెప్పి వెళతాను, దయచేసి ఎవరూ తేలికగా తీసుకోవద్దు. మూసిన షెడ్డులో, తలుపు సగం తెరిచిన గదిలో, ఇంటికి ఆనుకున్న వరండాలో బండిని వేడెక్కించకూడదు. చోక్ వేసిన ఇంజను మామూలు కంటే ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా అంటుకుంటుంది. తలనొప్పి, మగత కనిపించేసరికి లేచి నడిచే శక్తి కూడా ఉండకపోవచ్చు. ఎంత చలిగా ఉన్నా బండిని బయటికి నెట్టిన తరువాతే స్టార్టు చేయండి.

పాతబండి

జెట్‌నంబరు గారు చెప్పిన రెండో రకం కార్బ్యురేటరే నాది అని తేలింది. ఎక్సలేటర్ ముట్టుకోకుండా కొడితే ఇప్పుడు తేలికగా స్టార్టవుతోంది. అయితే నిమిషం తరువాత సగం చోక్‌తో బయలుదేరినా, ఏడెనిమిది కిలోమీటర్ల దాకా చోక్ తీసేయలేకపోతున్నాను. తీసేస్తే మిస్సవుతుంది, ఎక్సలేటర్ మూసినప్పుడు సైలెన్సర్‌లో టపటప పేలుతుంది. ఇది చలి వల్లనేనా?

జెట్‌నంబరు

కాదు. చలి ఈ లోపాన్ని బయటపెట్టింది, అంతే. బండి బాగా వేడెక్కిన తరువాత కూడా మిశ్రమం పలుచగా ఉందని మీరు చెప్పిన రెండు లక్షణాలూ సూచిస్తున్నాయి. ఇది నిర్ధారించుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఇంజను పూర్తిగా వేడెక్కిన తరువాత స్లోలో ఉంచి చోక్‌ను కొద్దిగా మాత్రమే లాగండి. ఇంజను మందగించి గునిస్తే మిశ్రమం సరిగానే ఉంది. చుట్లు పెరిగి ఇంకా నునుపుగా నడిస్తే స్లో దారిలో పెట్రోలు తక్కువగా వస్తోంది.

అలా తేలితే మొదట అనుమానించవలసింది స్లోలో పెట్రోలు అందించే పైలట్ జెట్టును. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. నిలవ ఉన్న పెట్రోలు ఎండి మిగిల్చే జిగురు దాన్ని సగం మూసినా ఎండాకాలంలో మనకు తెలియదు. జెట్టు విప్పి కార్బ్యురేటర్ క్లీనరులో నానబెట్టి గాలి ఊదాలి. తీగతో పొడవవద్దు, రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు ఇక పనికిరాదు. జెట్టుతో పాటు, పైలట్ దారి కార్బ్యురేటర్ గొంతులోకి తెరుచుకునే సన్నని రంధ్రాలను కూడా శుభ్రం చేయాలి, చాలామంది వీటిని మరచిపోతారు.

రెండోది ఇన్‌టేక్ రబ్బరు. పాత బండ్లలో అది గట్టిపడి పగుళ్లు ఇస్తుంది. ఇంజను స్లోలో నడుస్తుండగా ఆ అతుకు చుట్టూ నీళ్లు సన్నగా చిమ్మితే, గాలి లాగుతున్న చోట ఇంజను శబ్దం మారుతుంది. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు, అది ప్రమాదకరం.

ఆ తరువాత మిక్స్చర్ స్క్రూ చూడాలి. ఇక్కడ దిశ తారుమారయ్యే అవకాశం ఉంది. స్క్రూ ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటే అది గాలిని నియంత్రిస్తుంది, లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజను వైపు ఉంటే అది పెట్రోలును నియంత్రిస్తుంది, బయటికి తిప్పితే చిక్కబడుతుంది. పావు చుట్టు చొప్పున తిప్పి చూడండి. వాల్వుల దగ్గర వదిలే టాపెట్ సందులు బిగుసుకున్నా చలిలో స్టార్టు కష్టమవుతుంది. వాటిని ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, పుస్తకంలోని కొలతకే పెట్టాలి.

పెట్రోలు గురించి కూడా ఒక వాక్యం. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7కు బదులు సుమారు 14.1 పాళ్ల గాలి చాలు, అంటే అదే జెట్టుతో మిశ్రమం మరికొంత పలుచన. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెట్టింపుకు పైగా వేడి తీసుకుంటుంది కూడా. ఈ పెట్రోలు రాకముందు తయారైన కార్బ్యురేటర్లలో ఒక సైజు పెద్ద పైలట్ జెట్టు వేయవలసి రావడం అందుకే. కానీ ముందు ఉన్న జెట్టును శుభ్రం చేసిన తరువాతే ఆ ఆలోచన చేయండి.

టాపెట్‌చప్పుడు

రోజూ రెండు మూడు కిలోమీటర్లే నడిపేవారికి ఒక సూచన. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత రింగులు దాటి చల్లని క్రాంక్‌కేసులో తిరిగి నీరై ఆయిల్‌తో కలుస్తుంది. ఆయిల్ మూత లోపలి వైపు పాల రంగు జిగట కనిపిస్తే ఇదే కారణం. వారానికి ఒకసారైనా అరగంట పాటు ఆగకుండా నడిపితే ఆయిల్ వేడెక్కి ఆ నీరు, దానితో పాటు దిగిన పెట్రోలు ఆవిరై పోతాయి. అలా కుదరని వారు ఆయిల్‌ను పుస్తకంలో చెప్పిన గడువు కంటే ముందే మార్చాలి.

పొగమంచు

నా బండి చలిలో స్టార్టవడంలో ఇబ్బంది లేదు. అరగంట బాగా నడిచిన తరువాత, ముఖ్యంగా పొగమంచు ఉన్న రోజుల్లో, ఎక్సలేటర్ మూయగానే ఇంజను ఆగిపోతుంది. పక్కన ఆపి కొన్ని నిమిషాలు ఉంటే ఏమీ జరగనట్లు మళ్లీ స్టార్టవుతుంది. కార్బ్యురేటర్ విప్పి చూసినా చెత్త ఏమీ కనిపించలేదు. ఇది కూడా సరిగా వేడెక్కించకపోవడం వల్లనేనా?

చోక్‌వైరు

వేడెక్కించడంతో దీనికి సంబంధం లేదు. ఇది కార్బ్యురేటర్‌లో మంచు గడ్డకట్టడం. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న లోహం నుంచి వేడిని లాక్కుంటుంది. కార్బ్యురేటర్ లోపల ఉష్ణోగ్రత బయటి గాలి కంటే ఎంతో దిగువకు పడిపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ తేమ ఎక్సలేటర్ స్లైడు అంచున, పైలట్ రంధ్రాల దగ్గర మంచుగా కడుతుంది. అందుకే బయట గడ్డకట్టే చలి లేకపోయినా, 5 నుంచి 10 డిగ్రీల తడి వాతావరణంలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. సున్నాకు బాగా దిగువన గాలిలో తేమ చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ తక్కువ. ఒకే వేగంతో చాలాసేపు, కొద్ది ఎక్సలేటర్‌తో నడిపినప్పుడు ఇది త్వరగా కడుతుంది. బండి ఆపగానే ఇంజను వేడి కార్బ్యురేటర్‌కు పాకి మంచు కరిగిపోతుంది, విప్పి చూస్తే నీటి చుక్క తప్ప ఏమీ దొరకదు.

చోక్ వేసి దీన్ని దాటవేయాలని చూడకండి. మంచు గాలి దారిని ఇరుకు చేస్తే మిశ్రమం చిక్కబడుతుంది, పైగా చోక్ వేస్తే ప్లగ్గు తడుస్తుంది. మధ్యమధ్యలో ఎక్సలేటర్ మార్చుతూ ఉండడం, తడి రోజుల్లో ఒక గేరు తక్కువలో నడపడం కొంత పనిచేస్తాయి. కొన్ని బండ్లకు ఇందుకోసమే కార్బ్యురేటర్ దగ్గర చిన్న కరెంటు హీటరు అమర్చి ఇచ్చారు. మీ బండికి అది ఉంటే దాని వైరు, ఫ్యూజు సరిగా ఉన్నాయో లేదో చూడండి. అది లేకపోతే, ఎయిర్ ఫిల్టరు సిలిండర్ దగ్గరి వెచ్చని గాలిని లాగేలా చలికాలం వరకు ఒక రేకు అడ్డం కట్టండి. గాలి దారి మూసుకుపోకుండా, రేకు కేబుళ్లకు తగలకుండా చూసుకోండి.